మజహర్ రాసిన మాట

మజహర్ కడప మనిషి. తండ్రి కోర్టు ఎదుట చిన్న బల్ల వేసుకుని ముప్పై ఏళ్ళు అర్జీలు రాశాడు. ఉర్దూ అక్షరం ఎక్కడ వంగాలో, చుక్క ఎంత దూరంలో పడాలో కొడుక్కి చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. "అడిగి రాయి, అడగనిది రాయొద్దు" అనేది ఆయన వృత్తిలో ఒకే ఒక్క నియమం. ఆ చేతిరాతతో పాటు కాస్త ఇంగ్లీషు టైపు కూడా నేర్చుకున్న మజహర్ ఇరవయ్యారేళ్ళ వయసులో, డెబ్బై రెండులో, బొంబాయిలో ఓడెక్కి ఒమాన్ దేశపు మత్రా రేవులో దిగాడు.

మస్కట్‌కు ఆనుకున్న రువీలో, పౌరసత్వం, పాస్‌పోర్టు కాగితాలిచ్చే ఆఫీసు ఎదురు వరుసలో, హైదరాబాదు ఖమరుద్దీన్‌కు అర్జీల దుకాణం ఉండేది. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక బెంచీ. మజహర్‌కు అరబీ మాట్లాడటం ఆర్నెల్లలో పట్టుబడింది. రాయడం ఎలాగూ వచ్చు, అక్షరాలు అవే కదా. ఏడాది తిరిగేసరికి జనం ఖమరుద్దీన్ బల్ల ఖాళీగా ఉన్నా మజహర్ బల్ల ముందే నిలబడేవారు. అతను రాసిన కాగితాన్ని కిటికీలో గుమాస్తా తిప్పి పంపడు అని పేరు వచ్చింది. ఆ పేరు అతనికి నచ్చింది. నడకలో కూడా తెలిసేది.

ఆ రోజుల్లో ఆ కిటికీ ముందు ఎక్కువగా నిలబడింది జాంజిబార్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ తాతలు ఒమాన్ నుంచే పడవల్లో ఆఫ్రికా తీరానికి పోయి అక్కడ లవంగం తోటలు వేసుకున్నారు, అక్కడి ఆడపిల్లలను పెళ్ళాడారు. అరవై నాలుగులో అక్కడ తిరుగుబాటు వచ్చి ఎందరో చచ్చిపోయారు, మిగిలినవాళ్ళు తలోదిక్కూ అయ్యారు. డెబ్బైలో ఇక్కడ పాలన మారాక, తిరిగి రండని పిలుపు వెళ్ళింది. వచ్చారు. కాని వాళ్ళ నోట అరబీ లేదు, స్వాహిలి ఉంది. అక్కడ వాళ్ళను "అరబ్బులు, పొండి" అన్నారు, ఇక్కడ "జాంజిబారీలు వచ్చారు" అన్నారు. కొందరు గోధుమ రంగు, కొందరు నల్లటి నలుపు, ఒక్క ఇంట్లోనే ఇద్దరూ ఉండేవారు.

వాళ్ళకు ఒక సంఘం ఉండేది. వాళ్ళ భాషలో చామా అంటారు. దానికి బోర్డు లేదు, రిజిస్టరు లేదు. అజైబాలో సముద్రం వైపు రెండు గదుల ఇల్లు, ముందు వరండా, అంతే. దాన్ని నడిపేది జువేనా అనే ఆవిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. జాంజిబార్‌లో బడిపంతులమ్మగా చేసింది. విమానం వచ్చే రోజు సీబ్ విమానాశ్రయానికి వెళ్ళి కొత్తవాళ్ళను దింపుకోవడం, వంటపాత్రలు, పరుపులు పోగుచెయ్యడం, ఏ ఆఫీసులో ఎవరిని ఎలా పలకరించాలో చెప్పడం, లోపలి ఊళ్ళకు వెళ్ళేటప్పుడు పూల పూల కంగా గుడ్డ మీద నల్ల అబాయా వేసుకోమని ఆడవాళ్ళకు నచ్చజెప్పడం, ఇవన్నీ ఆ చామా పనులు. జువేనాకు ఇంగ్లీషు వచ్చు కనుక, మజహర్‌కూ కొంత వచ్చు కనుక, ఆమె తనవాళ్ళను అతని బల్ల దగ్గరికే తీసుకొచ్చేది. పక్కన నిలబడి ప్రతి మాటా స్వాహిలిలో అడిగి, అతనికి ఇంగ్లీషులో చెప్పి రాయించేది.

డెబ్బై నాలుగు జనవరిలో ఒకరోజు ఆమె రాలేదు. ముందురోజు దిగిన ఒకాయన జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు, అక్కడ చిక్కుకుపోయింది. ఒక గంటలో వస్తాను, ఆగండి అని కబురంపింది. బల్ల ముందు సలూమ్ అనే ఆయన భార్యతో, ముగ్గురు పిల్లలతో నిలబడి ఉన్నాడు. గోధుమ రంగు మనిషి. మెట్టు మీద ఒక ముసలామె, బాగా నలుపు, పెద్ద చేతులు, ఒళ్ళో సలూమ్ చిన్నపిల్ల, పక్కన మూట.

గంట ఆగి ఉంటే సరిపోయేది. వెనక లైను పెరుగుతోంది. మజహర్ ఫారం లాక్కున్నాడు. ఇంటివాళ్ళ పేర్లు ఒక వరసలో, ఎవరు ఏమవుతారో పక్క వరసలో రాయాలి. సలూమ్ ఇచ్చిన కాగితాల్లో అందరి పేర్లూ ఉన్నాయి. ముసలామె పేరు రెహెమా.

"ఈమె ఎవరు?" అన్నాడు మజహర్ అరబీలో.

సలూమ్‌కు నమాజులో చదివే అరబీ తప్ప వేరే రాదు. "మాతోనే" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు గాని మధ్య పిల్ల దాహమని ఏడిస్తే నీళ్ళ కోసం వెళ్ళాడు.

మజహర్ మెట్టు వైపు ఒకసారి చూశాడు. రెహెమా పేరు పక్కన ఖాదిమా అని రాశాడు. పనిమనిషి అని. ఆలోచించి రాశాడని కూడా అనలేం. చెయ్యి ఆగలేదు, అంతే. సలూమ్ వచ్చి చదవకుండా సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ముద్ర పడింది.

నిజానికి రెహెమా సలూమ్ ఇంటి మనిషి కాదు. ఒకే పల్లె నుంచి ఒకే విమానంలో వచ్చారు. ఆమె భర్త ఒమాన్ లోపలి ఊరు ఇబ్రీ మనిషి. జాంజిబార్ పోయి ఆమెను నిఖా చేసుకుని, అరవై నాలుగు గొడవల్లో చనిపోయాడు. కొడుకు జుమా మూడేళ్ళ ముందే వచ్చి ఇబ్రీలో లారీ నడుపుతున్నాడు. ఆ వారం ఇబ్రీ దారిలో వాగులు పొంగి లారీలు నిలిచిపోవడంతో తల్లిని దింపుకోవడానికి రాలేకపోయాడు. నాలుగు రోజులు సలూమ్ వాళ్ళతో ఉండమ్మా అని జువేనాయే సర్దింది.

ఈ సంగతి మజహర్‌కు ఏప్రిల్‌లో తెలిసింది.

జుమా తల్లి పాస్‌పోర్టు కోసం అర్జీ పెడితే కిటికీలో గుమాస్తా పాత ఫారం తీశాడు. ఇబ్రీ వాడి విధవ అంటున్నావు, ఇక్కడ సలూమ్ ఇంటి ఖాదిమా అని ఉంది అని గట్టిగా చదివాడు. పక్కనే రెహెమా ఉంది. ఆమెకు అరబీ రాదు. కాని ఆ మాట స్వాహిలిలోనూ ఉంది, దాదాపు అదే పలుకు, అదే అర్థం, ఇంకాస్త హీనంగా. విని తలదించుకుని బయటికి నడిచిందట. ఇబ్రీలో జుమా పెదనాన్న, సాక్ష్యం సంతకం పెడతానని మాటిచ్చిన ఆయన, ఈ కబురు విని వెనక్కి తగ్గాడు. "మా తమ్ముడి భార్య అని ఎవరింటి పనిమనిషిని తెస్తున్నావు?" అన్నాడట. జుమా లారీ డ్రైవర్లతో కలిసి టీ తాగడం కూడా మానేశాడు.

జువేనా ఆ ఫారం పట్టుకుని దుకాణానికి వచ్చింది. బల్ల మీద పరిచింది.

"ఇది ఎవరు చెప్పారు నీకు?"

మజహర్ తన అక్షరాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎంత పొందికగా ఉందో. తండ్రి చూస్తే మెచ్చుకునేవాడు.

"ఆయన చెప్పిందే రాశాను" అన్నాడు.

"సలూమా?"

"అవును."

ఆమె ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే చెప్పేసేవాడినని తరవాత చాలాసార్లు అనుకున్నాడు. అది కూడా అబద్ధమేనని అతనికి తెలుసు. ఆమె అడగలేదు, నమ్మేసింది. నమ్మడానికి కారణం ఉంది. ఆ పల్లెలో లవంగం తోట సలూమ్ తాతది. ఆ తోటలో లవంగ మొగ్గలు కోసింది రెహెమా తల్లి. ఆ పాత దూరం సముద్రం దాటినా పోలేదని జువేనాకు ఎప్పుడూ ఒక అనుమానం ఉండేది. మజహర్ అబద్ధం సరిగ్గా వెళ్ళి ఆ అనుమానంలో కూర్చుంది. సలూమ్ ఒట్టు వేశాడు, భార్య ఏడ్చింది. ఎవరూ వినలేదు. చామా ఇంటి ఆడవాళ్ళు వాళ్ళింటికి పోవడం మానుకున్నారు. కొన్నాళ్ళకు సలూమ్ సామాను సర్దుకుని అల్ మవాలే అనే వేరే పేటకు వెళ్ళిపోయాడు.

మే నెలలో జువేనా మళ్ళీ వచ్చింది.

"శుక్రవారాలు మా ఇంటికి వచ్చి మావాళ్ళకు అరబీ అక్షరాలు, నాలుగు మాటలు నేర్పుతావా? నీకు ఓపిక ఉంది. మమ్మల్ని చూసి నవ్వవు" అంది.

కాదంటే అనుమానం వస్తుందేమోనన్న భయంతో సరేనన్నాడు. వెళ్ళాలని ఆశ కూడా ఉండింది. రెండేళ్ళుగా ఎవరింటి గడపా తొక్కినవాడు కాదు.

మొదటి శుక్రవారం నమాజు అయ్యాక అజైబా వెళ్ళాడు. వరండాలో చాప పరిచి ఉంది. ప్లైవుడ్ చెక్కకు నల్ల రంగు పూసి గోడకు ఆనించారు. ఇద్దరు ముసలాళ్ళు, తొమ్మిది మంది ఆడవాళ్ళు. అందరికంటే ముందు, చెక్కకు మూరెడు దూరంలో, రెహెమా కూర్చుని ఉంది. అతన్ని చూసి ముఖమంతా నవ్వింది. జువేనా తిప్పి చెప్పింది.

"దుకాణంలో చూశాను, మంచి చేతులున్న అబ్బాయి అంటోంది."

ఆమె అతన్ని మ్వాలిము అనేది, పంతులు అని. సుద్దముక్కను కూరగాయల కత్తి పట్టినట్టు పిడికిలిలో పట్టేది. పలక మీద మొదటి అక్షరం అలిఫ్ గీసినప్పుడు అది నిటారుగా రాకపోతే నాలుక చప్పరించి తుడిచి మళ్ళీ గీసేది. పాఠం అయ్యాక కొబ్బరిపాలు పోసి వండిన చేప, మందాజీలు అనే తియ్యటి పొంగడాల్లాంటివి అతని ముందు పెట్టేది. అతను తినేంతసేపూ ఎదురుగా కూర్చుని చూసేది. మజహర్ తలెత్తకుండా మందాజీ తుంచుకునేవాడు. "పంతులు ఎంత సిగ్గరో" అని ఆడవాళ్ళు నవ్వేవారు. అలా నాలుగు నెలలు తిన్నాడు.

ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం రెహెమా పలక పక్కన పెట్టి జువేనాతో ఏదో అంది. జువేనా ముఖం ముడుచుకుంది. వద్దన్నట్టు తల ఊపింది. ముసలామె మళ్ళీ అంది.

"ఆ మాట ఎలా ఉంటుందో చూడాలంటోంది" అంది జువేనా చివరికి. "చెక్క మీద రాయమంటోంది. ఖాదిమా."

మజహర్ చేతిలో సుద్ద ఉంది. వెనక్కి తిరిగాడు. మొదటి అక్షరం రాసి ఆగాడు. చుక్క పెట్టాడు. మిగతాది రాశాడు. ఈసారి అక్షరం వంకర పోయింది.

రెహెమా లేచి చెక్క దగ్గరికి వచ్చింది. ఒక్కో అక్షరాన్నీ వేలితో చూపిస్తూ తనకు వచ్చినంతవరకు కూడబలుక్కుంది. తరవాత మెల్లగా రెండు మాటలంది.

"ఇంత చిన్నదా అంటోంది" అంది జువేనా.

ముసలామె కంగా కొంగుతో దాన్ని తుడిచింది. తుడుస్తూనే ఇంకేదో చెప్పింది. జువేనా అది కూడా తిప్పింది. "సలూమ్ పుట్టినప్పుడు వాళ్ళమ్మకు పాలు పడకపోతే నా దగ్గరే పెరిగాడు. వాడు అలా ఎందుకన్నాడో నేను అడగను. అడిగితే చెప్పాల్సి వస్తుంది వాడికి, సిగ్గుపడతాడు."

మజహర్ ఆ రోజు తిండి ముట్టకుండా, తలనొప్పి అని చెప్పి వచ్చేశాడు.

అతని గదికి ఆనుకునే ఉన్న గదిలో లచ్చన్న ఉండేవాడు. జగిత్యాల దిక్కు మనిషి, తాపీ పని. శుక్రవారాలు ఇద్దరూ కలిసి వండుకునేవారు. ఆ సాయంత్రం లచ్చన్న బయట స్టవ్ మీద పప్పు పెట్టి ఉల్లిగడ్డ కోస్తున్నాడు. మజహర్ వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"ఏమైంది మజర్ భాయ్? మొకం గట్లున్నది?"

మజహర్ ఎవరికీ చెప్పనిది చెప్పాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో అతనికే తెలియలేదు.

"ఆ యమ్మను అడగలేదన్నా. లైను ఎక్కువుండె. చూసినా, రాసేసినా."

"ఏం జూసి రాసినవ్?"

మజహర్ కిందపడ్డ ఉల్లిపొట్టు ఏరసాగాడు.

"నల్లగున్నదని రాసినవ్" అన్నాడు లచ్చన్న. కత్తి పక్కన పెట్టాడు. "మల్ల ఆ సలూమ్ మీదికి తోసినవ్."

"యెట్ల చెప్పేది లచ్చన్నా ఇప్పుడు? నాలుగు నెలలు ఆమె చేతి కూడు తింటి."

లచ్చన్న ఉల్లిగడ్డ ముక్కలు పప్పులో వేశాడు. తరవాత అన్నాడు, "మా నాయిన పేరు ఎల్లయ్య. మా ఊరి పట్వారి కాయితంల ఎల్లిగాడు అని రాసిండు. మా నాయినను ఏమని రాయాల్నో అడిగిండా? అడుగలే. జూసిండు, రాసిండు, నీ లెక్కనే. మా నాయినకు సదువు రాదు, ఎర్కలే. నేను ఏడో తరగతికి అచ్చినంక సదివి చెప్పిన. మా నాయిన మూడు రోజులు నాతోని మాట్లాడలే. రాసినోన్ని ఏమనలే, సదివినోని మీద కోపం జేసిండు. గిప్పటికీ అన్ని కాయితాలల్ల ఎల్లిగాడే. పట్వారికి యాది గుడ ఉండది."

పప్పు పొంగి స్టవ్ మీద పడింది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

"నేనేం చెయ్యాల్నో చెప్పన్నా."

"నన్నడుగుతవేంది? ఆ ముసలవ్వను అడుగు పో. అప్పుడు అడుగలే గద."

ఆ వారమంతా దుకాణంలో మజహర్ మూడు ఫారాలు పాడుచేశాడు. శుక్రవారం అజైబా బస్సు దిగాక చామా ఇల్లు కనపడే దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. వరండాలోకి అడుగుపెట్టాక చెప్పులు విప్పలేదు, చాప అంచున నిలబడ్డాడు. కూర్చోమని రెహెమా చేత్తో చూపించింది.

"నేను చెప్పేది ఆమెకు తిప్పి చెప్పండి" అన్నాడు జువేనాతో. "ఆ మాట సలూమ్ చెప్పలేదు. నేనే రాశాను. ఎవరూ చెప్పకుండా."

జువేనా అతన్నే చూస్తూ నిలబడింది. ఇంగ్లీషు అర్థం కానివాళ్ళు ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆమె ముసలామె వైపు తిరిగి ఒక వాక్యం చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పూర్తి చేసింది.

రెహెమా పలకను ఒళ్ళోంచి తీసి చాప మీద బోర్లా పెట్టింది. ఒక్కో మాటే అడిగింది, జువేనా ఒక్కోటే తిప్పింది.

"నన్ను అడిగావా?"

"లేదు."

"సలూమ్ చెప్పలేదు, నేను చెప్పలేదు. మరి నీకెలా తెలిసింది? నా ముఖం మీద రాసుందా?"

మజహర్ తలెత్తలేకపోయాడు. ఏడుపు వస్తే బాగుండును, అదీ రాలేదు. తప్పయిందని అనబోయాడు. ఆ మాట మరీ తేలికగా తోచి మింగేశాడు.

"నా దగ్గర నిలబడకు. ముందు సలూమ్ దగ్గరికి పో" అంది ముసలామె. లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

జువేనా అతనితో మెట్ల దాకా వచ్చింది. "నువ్వు చెప్పావు, నేను నమ్మాను" అంది. "నీది ఒక్క మాట. నేను నలభై ఇళ్ళకు మోశాను దాన్ని. వచ్చే శుక్రవారం రావద్దు."

మర్నాడే దుకాణం నుంచి సెలవడిగి అల్ మవాలే వెళ్ళాడు. సలూమ్ ఒక సిమెంటు, రేకులు అమ్మే అంగడిలో సరుకు దింపుతున్నాడు. చొక్కా నిండా బూడిద రంగు దుమ్ము. ఇప్పుడు అరబీ బాగానే పట్టుబడింది ఆయనకు. మజహర్ చెప్పిందంతా భుజం మీద బస్తాతోనే విన్నాడు. మధ్యలో దింపాలని కూడా తోచినట్టు లేదు. విన్నాక దింపాడు.

"జూన్‌లో నా పెద్దమ్మాయి నిఖా అయింది" అన్నాడు. "అజైబా నుంచి ఒక్కరు రాలేదు. వంట మిగిలిపోతే చుట్టుపక్కల పంచిపెట్టాం. అమ్మాయి ఎవరైనా వస్తారని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది."

మజహర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కొడతారేమో అనుకున్నాను" అన్నాడు.

"కొడితే నీకు బరువు దిగుతుంది" అన్నాడు సలూమ్. బస్తా మళ్ళీ ఎత్తుకున్నాడు.

తరవాతి వారం జువేనా, మరో నలుగురు ఆడవాళ్ళు సలూమ్ ఇంటికి వెళ్ళారని, రెహెమా కూడా వెళ్ళిందని మజహర్ విన్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో అతనికి తెలియదు. అడిగే మొహం లేదు.

కాగితం మిగిలింది. తప్పు తనదేనని రాసినవాడే రాసిస్తే ఆఫీసులో ఫారం మారుస్తారన్నారు. ఖమరుద్దీన్ విని తలపట్టుకున్నాడు. "అరె మియా, నోటితో ఎన్నిసార్లైనా చెప్పుకో. కాగితం మీద పెట్టకు. అడక్కుండా రాసే దుకాణం అని పేరొస్తే నా బల్ల ముందు ఎవడు నిలబడతాడు?" అన్నాడు. మజహర్ ఆ బల్ల ముందే కూర్చుని రాశాడు. ఎవరూ చెప్పనిది నేనే ఊహించి రాశాను, ఆమె ఫలానావాడితో నిఖా అయిన భార్య, ఫలానావాడి తల్లి అని రాసి, కింద పూర్తి పేరు, కడప చిరునామా, సంతకం పెట్టాడు. ఖమరుద్దీన్ చెడ్డవాడు కాదు. ఆ నెలాఖరు దాకా ఉంచి, "ఇంకెక్కడైనా చూసుకో బాబూ, నా దగ్గర వద్దు" అన్నాడు.

ఇబ్రీ పెదనాన్నకు కూడా ఆ కాగితం చూపించాలి. అక్టోబరులో జుమా లారీలో బయల్దేరారు. ముందు జుమా, పక్కన తల్లి, వెనక సిమెంటు బస్తాల మీద మజహర్. అప్పటికింకా ఇబ్రీ దాకా మంచి రోడ్డు లేదు. రోజున్నర పట్టింది. టీ కోసం ఆగినప్పుడు జుమా అతనికి ఒక గ్లాసు అందించేవాడు, మాట మాత్రం మాట్లాడేవాడు కాదు. మజహర్ ముఖానికి గుడ్డ చుట్టుకుని దుమ్ములో కూర్చున్నాడు. క్యాబిన్ వెనక అద్దంలోంచి ముసలామె నల్ల అబాయా, నిటారుగా ఉన్న వీపు కనబడుతూనే ఉంది.

పెదనాన్న డెబ్బై ఏళ్ళ మనిషి, నడుముకు ఖంజర్ అనే వంకర బాకు. పదిమంది బంధువుల మధ్య మజహర్ తన కాగితం తానే చదివాడు. ఆయన చివరిదాకా విని, "నువ్వు హిందూస్తాన్‌వాడివి. మా ఇంటి సంగతి నీకేం తెలుసు?" అన్నాడు.

"తెలియకనే రాశానండి."

ఎవరో నవ్వారు. మజహర్ కాగితాన్ని ముసలాయన మడిచి పక్కన పెట్టేశాడు. అది పెద్ద విషయం కానట్టు. రెహెమా వైపు తిరిగి తమ్ముడి గురించి అడిగాడు. జుమా తిప్పి చెప్పబోతే తల్లి వారించింది. నాలుగు నెలల పాఠాల్లో, తరవాత జువేనాతో కలిసి నేర్చుకున్న అరబీలో, తడబడుతూ తానే చెప్పింది. అత్తగారి పేరు చెప్పింది. చూడకపోయినా ఆమెకు ఎడమ కాలు కుంటి అని చెప్పింది. ఇంటి వెనక ఫలజ్ కాలవ పక్కన మూడు ఖర్జూరం చెట్లు ఉండాలని, నడిమి చెట్టు ఎక్కి పడి తన భర్తకు చెయ్యి విరిగిందని, ఆ చెయ్యి చలికాలం నొప్పి పెడితే తానే కొబ్బరినూనె రాసేదాన్నని చెప్పింది.

"ఆ చెట్టు ఎక్కమన్నది నేనే" అన్నాడు ముసలాయన. తరవాత లేచి ఆమెకు తన చేత్తో కాఫీ పోశాడు. సాక్ష్యం సంతకం మర్నాడు పొద్దున్నే పెట్టాడు.

ఆ మాటలు అరబీలో ఆమెకు నేర్పింది ఎవరని ఆ సభలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మజహర్ బయటికి పరుగెత్తేవాడు.

డెబ్బై అయిదు చివర్లో రెహెమాకు పాస్‌పోర్టు వచ్చింది. అజైబా వరండాలో అందరికీ అన్నం పెట్టారు. సలూమ్, ఆయన భార్య, కొత్త అల్లుడు వచ్చారు. మజహర్‌కు పిలుపు లేదు. అప్పటికి అతను లచ్చన్న పని చేసే కంపెనీలో స్టోర్ చూసుకునే పనిలో కుదిరాడు. మేకులు, బోల్టులు, పలుగులు. రాయడం తక్కువ. ఆ విందు సంగతి లచ్చన్న నోటనే విన్నాడు. చామా ఇంటికి గోడ పెంచడానికి లచ్చన్న వెళ్ళాడు.

"నీ సంగతి ఎవలన్న అడుగుతరేమో అని జూసిన. అడుగలే" అన్నాడు లచ్చన్న. దాచిపెట్టడం అతనికి చేతకాదు.

ఇంకో ఏడాదికి జువేనాయే స్టోరుకు వచ్చింది. బురుండీ నుంచి, మొంబాసా నుంచి ఇంకా జనం దిగుతున్నారు. నేర్పేవాళ్ళు చాలడం లేదు.

"క్షమించి పిలవడం లేదు. అక్షరాలు చెప్పడానికి మనిషి లేడు, అందుకు" అంది.

వెళ్ళాడు. ప్రతి శుక్రవారం, మూడేళ్ళు వెళ్ళాడు. ఫారాలు కూడా నింపేవాడు, ప్రతి మాటకూ ఎదుటివాళ్ళను విసిగించి మరీ. రెహెమా అతని పాఠంలో మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు. అతను చెక్క ముందు నిలబడగానే ఆమె పలక తీసుకుని లోపలికి వెళ్ళి, తరవాత జువేనా దగ్గర చదువుకునేది. ఎదురుపడితే సలాం చెప్పేది. అన్నం పళ్ళెం మాత్రం వేరెవరి చేతో పంపేది, ఏ వారమూ మానలేదు. మజహర్ అది అక్కడే కూర్చుని ఒక్క మెతుకు మిగల్చకుండా తినేవాడు.

డెబ్బై తొమ్మిదిలో కంపెనీ పని అయిపోయి తిరుగు ప్రయాణం వచ్చింది. చివరి శుక్రవారం చెప్పి పోదామని వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రెహెమా చేప కడుగుతోంది. చేతులు తుడుచుకుని వచ్చింది.

"మీ అమ్మ ఉందా?" అంది అరబీలో.

"ఉంది."

"పేరు?"

"అజీజా."

"నా సలాం చెప్పు ఆమెకు" అంది. మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయింది.

కడప చేరిన మూడో రోజు వరకు మజహర్ ఆ సలాం చెప్పలేదు. చుట్టాలు వస్తున్నారు, పోతున్నారు. మూడో రోజు మధ్యాహ్నం తల్లి ఒక్కతే మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని చెప్పాడు, మస్కట్‌లో రెహెమా అనే ఆవిడ నీకు సలాం చెప్పమంది అని.

అజీజా సలాంకు జవాబు చెప్పింది. "యెవురామె?" అంది.

మజహర్ ఫారం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఏదీ వదలకుండా చెప్పాడు. తల్లి మధ్యలో ఒకసారి చెవులు మూసుకుంది. ఒకసారి లేచి వెళ్ళబోయి మళ్ళీ కూర్చుంది. అతను మాత్రం ఆపలేదు.